పాటకి మనిషిని వెతికిన అక్క

"ఇంకా మొదలు కాలేదక్కా! లైనులోనే ఉండు, పెట్టేయద్దు!"

మా ఎదురింటి అక్క పోయిందన్న కబురు నా చెవిన పడేదానికి ముందు నా నోట్లోనించి వచ్చిన మాట అది. బీచి రోడ్డులో వేదిక ముందర, స్పీకర్ల రొదలో, ఒక చెవి మూసుకోని అరిచినాను. ఫోనులో అక్క పేరే కనపడింది గదా, అక్కే అనుకున్నాను. మాట్లాడింది అక్క తమ్ముని కూతురు.

"మామా, నేను. అత్త పోయింది మామా. కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నింది. ఫోను ఒళ్ళో పెట్టుకోని నువ్వు ఎప్పుడు చేస్తావా అని చూస్తా ఉన్నింది. నేను దీపం పెట్టి వచ్చి చూసేసరికి..." ఏడ్చింది. మళ్ళీ తనే సర్దుకోని, "పాపకి చెప్పు మామా. పొద్దున్నించీ పాప పాప అనుకుంటానే ఉన్నింది" అనింది.

చెప్తానమ్మా అన్నాను. చెప్పలేదు.

పాప అంటే నా కూతురు. ఇంకాసేపట్లో అదే వేదిక ఎక్కి పాడబోతా ఉన్నింది, తన బృందంతో. బృందం పేరు 'నెత్తిలి'. తెలుగు సీమలో నెత్తళ్ళు అంటారే, ఆ చిన్న చేప. సొంతంగా పాటలు కట్టుకోని సొంతంగా వాయించుకునే నలుగురు పిల్లలు. అంత పెద్ద వేదిక వాళ్ళకి అదే మొదటిసారి. ఆ వేదిక దాకా వాళ్ళని తెచ్చింది పోయిన ఆ అక్కే. ఆమె పోయిందన్న మాటని పాట అయిపోయేదాకా నేను కడుపులో దాచుకున్నాను. దాచుకోని చప్పట్లు కొట్టినాను.

ఆనాటి వీడియో ఒకటి ఫోన్లలో తిరగతా ఉండాది. జనం మధ్యలో తెల్లచొక్కా ముసలాయన ఒకడు చెయ్యి పైకెత్తి ఫోను పట్టుకోని నిలబడి ఉంటాడు. అది నేనే. దాన్ని చూసి "తండ్రంటే ఇట్లుండాల" అని మార్కెట్లో నా చేతులు పట్టుకుంటా ఉండారు. మన తెలుగు సంగం పత్రికవాళ్ళు కూడా, "అన్నా, ఆ అక్క గురించి రాసియ్యి, ఆ చెయ్యెత్తిన సంగతి మాత్రం మర్చిపోవద్దు" అన్నారు. మర్చిపోయేదానికి అది మర్చిపోనిస్తే గదా. నేను ఎనిమిది దాకా చదివినోణ్ణి, అదీ అరవంలో. తెలుగు అక్షరాలు మా అమ్మ చాటలో బియ్యం పోసి దిద్దించింది. తప్పులుంటే సర్దుకోండి. తెలుగు చదవను రాని మనోళ్ళకి ఎవురైనా ఇది చదివి వినిపించండి. నన్ను మెచ్చుకునేవాళ్ళు ముఖ్యంగా వినాల.

మన ఊళ్ళో ఉప్పళం పేటలో మా ఇంటికి ఎదురిల్లు అక్కది. చుట్టం కాదు. అయితే ఆ వీధి ఎంత సన్నమంటే, వాళ్ళింట్లో మిరపకాయ తాలింపేస్తే మా ఇంట్లో తుమ్ముతాము. అంత దగ్గరలో ఇన్నేళ్ళు ఉంటే చుట్టం కాకుండా ఏమవుతారు? మూతపడిపోయిన మిల్లు ఆఫీసులో టైపు కొట్టేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవురూ అడగలేదు, ఆ మొగం చూస్తే అడగబుద్ధి పుట్టదు, అంత నిండుగా ఉండేది. తమ్ముని కూతుర్ని దగ్గర పెట్టుకోని చదివించింది. ఆ పిల్ల మొదటి జీతంలో అక్కకి ఒక మంచి ఫోను, చెవులకి పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్లు కొనిచ్చింది. అంతే. అక్క ఇంక మా మనిషి కాకుండా పోయింది!

సాయంత్రమైతే అరుగు మీద కూర్చోని, కొప్పులో మల్లెపూలు నలగకుండా హెడ్‌ఫోన్లు తగిలించుకోని, కళ్ళు మూసుకునేది. భజన వింటా ఉండాదేమో అనుకోని దోవన పోయేవాళ్ళు దణ్ణం పెట్టుకునేవాళ్ళు. ఆమె వినేది యాడనో మణిపూరు కొండల్లో నలుగురు అన్నదమ్ములు ఇంటి మిద్దె మీద వాయించి పెట్టిన పాట. ఇంకోనాడు కేరళలో నర్సులు కొందురు డ్యూటీ అయినాక కూడి పాడుకునే పాట. పేరు లేనివాళ్ళు, సినిమాల్లో లేనివాళ్ళు, వెనకాల ఏ కంపెనీ లేనివాళ్ళు. అట్లాంటివాళ్ళని వెతుకుతా ఉండేది. "తంబీ, ఈ పాట విన్నోళ్ళని అందుర్నీ పిలిస్తే మన వీధిలో పంక్తి కూడా నిండదు!" అని పొంగిపోయేది.

"సినిమా పాటలు వినవా అక్కా?" అని అడిగితే, "వింటాను తంబీ, ఎందుకు వినను? నేను వినకపోయినా అవి బతుకుతాయి గదా" అనేది.

దొరికిన పాటని తన దగ్గరే పెట్టుకునే మనిషి కూడా కాదు. అట్లని అందురికీ పంచదు. ఇక్కడే అక్క పద్ధతి వేరే. ఒక పాట దొరికితే కూరగాయలు తరుగుతా వినేది, పనేమీ లేకుండా ఊరికే కూర్చోని వినేది, ఇది ఎవురిదో అని ఆలోచించేది. "ఎవురిదో ఏంది అక్కా, పాడినోళ్ళది గదా" అన్నాను ఒకసారి. "పాడినోళ్ళది కాదు తంబీ. పిల్లని కన్నోళ్ళదేనా పిల్ల? పాటకి మనిషిని వెతకాల" అనింది. పెళ్ళిళ్ళ పేరయ్య మాదిరి వెతికేది నిజంగా. నర్సుల పాటని తీసుకోనిపోయి వీధి చివర ఇస్త్రీ పెట్టాయనకి ఇచ్చింది. ఆయనకి మలయాళం రాదు. అయినా ఇస్త్రీ పెట్టె తోస్తా తోస్తా అదే పెట్టుకోని పని చేస్తా ఉండేవాడు. "రాత్రి డ్యూటీ చేసే ఆడవాళ్ళు గదా, వేడి పట్టుకోని నిలబడేది ఆయనకి తెలుసు" అనింది అక్క. నాకేమో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పటికీ సగమే.

ఇచ్చేదానికి కూడా ఆమెకి నియమాలున్నాయి. బాగుంటుంది అని చెప్పదు. "వాడి నోట్లో మనం ఉప్పేసి, రుచి చూడు అంటే ఎట్ల?" అనేది. ఇచ్చినాక 'విన్నావా' అని అడగదు. వాళ్ళే వచ్చి చెప్పాల. నెలలైనా సరే.

నా విషయంలో ఒక్కసారి ఆ నియమం తప్పింది. నాకని ఒక పాట ఏరి పంపించింది. అస్సాములోనో యాడనో ఒక బృందమంట. ఆరోజు మా ఫ్యాక్టరీలో లోడు పంపించాల, వినలేదు. నేను తట్టాంచావడిలో అట్టపెట్టెల ఫ్యాక్టరీలో సూపర్వైజరుగా చేస్తా ఉన్నాను అప్పుడు. సాయంత్రం వీధిలోకి రాగానే అరుగు మీద అక్క కనపడింది. నా నోరు ఊరుకుంటుందా? "అబ్బబ్బబ్బ! అక్కా, ఏం పాటక్కా అది! కళ్ళలో నీళ్ళొచ్చేసినాయి!" అన్నాను.

అక్క హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. "అంత నచ్చిందా?"

"నచ్చడమా! అమృతం!"

"చివర్లో కుక్క అరస్తుంది గదా, అది విన్నావా?"

"వినకుండానా! బలే అరిచింది అక్కా, సరిగ్గా తాళానికి అరిచింది!"

"అందులో కుక్క లేదు రా" అనింది అక్క.

మా ఇంట్లో నా భార్య వంటింట్లోనించే పకపకా నవ్వింది, వీధి సన్నం గదా. పాప బయటికొచ్చి, "నాయనా, ఆ కుక్క ఇప్పుడు యాడుంది?" అని వారం రోజులు నన్ను ఏడిపించింది. నేనూ నవ్వినాను. కాకపోతే ఆ రోజు నాకు ఒకటి తెలిసింది. నా మెప్పుకి మా ఇంట్లో ధర లేదు. అన్నిటినీ అమృతం అంటాను. సాంబారు అమృతం, వాన అమృతం, కరెంటు వచ్చినా అమృతం. అదే నా గుణం. సంతోషమొస్తే నాకు గట్టు ఉండదు.

పాప గిటారు వాయిస్తా పాడతానంటే నేను ఒక్కనాడు అడ్డు చెప్పలేదు. పగలు మందుల కంపెనీ ల్యాబులో పని చేసుకోని వచ్చి పాటలు కట్టేది. చేపపేరు పెట్టుకున్నారేమని మా పెద్దోళ్ళు ముక్కు మూసుకున్నా, నేను మాత్రం ఎగిరి గంతేసినాను. ఆదివారాల్లో సాధన చేసుకునేదానికి మా యజమానిని అడిగి ఫ్యాక్టరీ షెడ్డు ఇప్పించినాను. చుట్టూ అట్టల కట్టలు పైదాకా పేర్చి ఉంటాయి, ఎంత డ్రమ్ము కొట్టినా శబ్దం బయటికి పోదు. వాళ్ళ ప్రతి పాటా నాకు తెలిసిన ప్రతి మనిషికీ పంపించినాను. బంధువులు, పాత జతగాళ్ళు, పాలాయన, సంగం గ్రూపు, గ్యాసు తెచ్చే అబ్బాయి. దణ్ణం బొమ్మలు, పూలబొమ్మలు పెట్టి, 'నా బిడ్డ పాట, తప్పక వినండి' అని. అందురూ వెంటనే 'సూపర్' అని బదులు పెట్టేవాళ్ళు. పాట ఇంత పొడుగుంటే, సూపర్ అంత తొందరగా ఎట్లొస్తుంది?

అక్క అది చూసి, "ఏంది తంబీ, పెళ్ళి పత్రిక పంచినట్టు పంచుతా ఉండావే" అనింది. "పెళ్ళికైతే తినేదానికైనా వస్తారు."

నాకు కోపమొచ్చింది. ఎందుకంటే ఊరూరి పిల్లల పాటలకి మనుషుల్ని వెతికే అక్క, మా పాప పాటని ఒక్కరికీ ఇవ్వలేదు. రెండేళ్ళకి పైగా చూసినాను. ఒకరోజు ఆగలేక అడిగేసినాను. "మణిపూరు పిల్లోళ్ళు కనపడతారు, అస్సాము కుక్కలు కనపడతాయి, ఎదురింట్లో పిల్ల కనపడలేదా అక్కా నీకు?"

"కనపడకేమి? నా కళ్ళ ముందర పెరిగింది" అనింది అక్క. "ఇంకా ఉడకలేదు తంబీ. మంట ఉండాది. నువ్వు మూత తీసి తీసి చూస్తా ఉండావు, అది యాడ ఉడుకుతుంది?"

నేను మూడు రోజులు అక్కతో మాట్లాడలేదు. పాపకి చెప్తే అది అక్క మీద కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. "పెద్దమ్మ అట్లనిందా?" అని కాసేపు గిటారు తంతి గీకుతా కూర్చున్నింది. "నాయనా, తప్పుగా అనుకోవద్దు. నువ్వు బాగుందంటే నాకేమీ తెలీదు. పెద్దమ్మ ఊరకుంటే తెలుస్తుంది" అనింది. ఆ మాట నా గుండెలో ముల్లు మాదిరి దిగింది. నా బిడ్డ కదా, నిజమే చెప్పింది.

తర్వాత కొన్నాళ్ళకి పాప ఒక పాట కట్టింది. ఊరి పక్క అరియాంకుప్పం నించి పొద్దున్నే చేపలు తెచ్చే ఆడవాళ్ళు ఉంటారు గదా, గంపతో చెయ్యెత్తితే బస్సు ఆగదు. వాసనొస్తుందని ప్యాసింజర్లు గొడవ చేస్తారని డ్రైవర్లు చూసీ చూడనట్టు పోతారు. ఆ స్టాపులో నిలబడిన ఒక పెద్దామె గురించి పాట. అందులో ఏడుపు లేదు, తిట్టు లేదు. ఆమె పోయిన బస్సుల రంగులు చెప్పుకుంటా ఉంటుంది, అంతే. పచ్చబస్సు పోయింది, ఎర్రబస్సు పోయింది, నీలం బస్సులో డ్రైవరు నన్ను చూసినాడు గానీ పోయినాడు. అట్ల.

ఆ ఆదివారం అక్క షెడ్డుకి వచ్చింది. మోకాళ్ళ నొప్పి, ఆటోలో వచ్చి అట్టల కట్ట మీద కూర్చున్నింది. పిల్లలు పాడినారు. నేను పక్కన నిలబడి అమృతం అనేదానికి నోరు తెరిచినాను. అక్క నా చొక్కా పట్టుకోని కిందికి లాగింది. పాట అయిపోయినా ఏమీ మాట్లాడలేదు. పిల్లలు నలుగురూ ఆమె మొగమే చూస్తా ఉండారు. డ్రమ్ము వాయించే పిల్లోడు కర్రలు కిందపెట్టలేదు. అక్క లేచి చీర సర్దుకోని, "అరియాంకుప్పం బస్సు యాడ ఆగుతుంది తంబీ ఇక్కడ?" అని అడిగింది.

పాప ఎగిరి వచ్చి అక్కని కరుచుకునింది. నాకు తర్వాత అర్థమైంది. పాటకి మనిషి దొరికినాడు!

ఆ మనిషి ఒక ప్రైవేటు బస్సు డ్రైవరు. పొద్దున్నే అరియాంకుప్పం నించి టౌనుకి తోలతాడు, సినిమా పాటలు అదిరిపోయేట్టు పెడతాడు. అక్క మిల్లులో పని చేసినప్పటినించీ ఆ దారి బస్సులు ఆమెకి పరిచయం. నన్ను తోడు తీసుకోని పోయింది. బస్సు స్టాండులో ఆయన టీ తాగతా ఉంటే పోయి హెడ్‌ఫోన్లు ఆయన తలకి తగిలించింది. చుట్టూ కండక్టర్లు నవ్వతా ఉండారు. "ఏమన్నా, పైలటు మాదిరి ఉండావే!" అన్నాడొకడు. డ్రైవరు మొదట నవ్వినాడు. కొంచేపటికి నవ్వడం ఆపినాడు. టీ చల్లారిపోయింది.

హెడ్‌ఫోన్లు తీసి, "అక్కా, ఇది నన్ను తిట్టే పాట" అన్నాడు.

"అవును. అందుకే నీకు తెచ్చినాను" అనింది అక్క.

"నీలం బస్సు నాదే."

"తెలుసు."

"దీన్ని నా బస్సులో నేనే పెట్టుకోవాలనా? సినిమా పాట లేకపోతే ప్యాసింజర్లు నన్ను దించేస్తారు!"

"పెట్టమని నేను అనలేదే? నీకు ఇచ్చినాను. పెట్టుకో, పారేసుకో" అని చెప్పి అక్క నా చెయ్యి పట్టుకోని వచ్చేసింది. "అక్కా, ఇంకొంచెం చెప్పుండాల్సింది, బ్రతిమాలుండాల్సింది" అని నేను దారి పొడుగునా గొణిగినాను. "నోరు మూసుకోని నడువు" అనింది.

కొన్నాళ్ళు ఏమీ లేదు. ఒకరోజు పొద్దున పాప ల్యాబుకి పోయేదానికి బస్సెక్కి, ఏడస్తా ఫోను చేసింది. రెండు సినిమా పాటల మధ్యలో తన గొంతు వస్తా ఉండాదంట. పక్కన కూర్చున్న ఆమె, "ఇది ఏ సినిమా?" అని అడిగితే, డ్రైవరు ముందునించే "సినిమా కాదు తల్లీ, మన ఊరే" అని అరిచినాడంట. ఆ స్టాపులో ఆయన బస్సు ఆపతా ఉండాడని, గంపలు వెనక డోరు దగ్గర పెట్టిస్తా ఉండాడని కూడా చెప్పింది. రోజూ ఆపుతాడా అంటే నాకు తెలీదు, నేను చూసినరోజు మాత్రం ఆపినాడు. బస్సులో విన్నోళ్ళు పేరు అడిగినారు. కాలేజీ పిల్లలు వెతుక్కోని విన్నారు. ఒకరి దగ్గరనించి ఒకరికి పోయింది. నేను ఊరంతా పంచినా కదలనిది, అక్క ఒక్క మనిషికి ఇస్తే కదిలింది. చివరికి బీచి రోడ్డు ఉత్సవం చేసేవాళ్ళే ఇంటికొచ్చి పిలిచినారు.

ఆ నెలలోనే అక్కకి ఊపిరి కష్టమైంది. కాళ్ళు వాచినాయి. డాక్టరు బయటికి పోకూడదన్నాడు. వేదికనాడు పొద్దున నేను పోతే, నా చెయ్యి పట్టుకోని, "తంబీ, పాప పాడేటప్పుడు నాకు ఫోను చేసి పైకెత్తి పట్టుకో. మాట్లాడద్దు. మెచ్చుకోవద్దు. ఊరికే పట్టుకో" అనింది. పాపకి ఆ మాట చెప్పినాను. పాప వీధి దాటిపోయి అక్క బుగ్గ మీద ముద్దు పెట్టి వచ్చింది.

ఇంక ఆ సాయంత్రం. కబురు విన్నాక ఫోను జేబులో పెట్టుకున్నాను. నా భార్య, "ఎవురు?" అనింది. "ఎవురో, రాంగు నంబరు" అన్నాను. వేదిక వెనకాలికి పోయే దోవ నా పక్కనే ఉండాది. నాలుగు అడుగులు. పాప అక్కడ గిటారు సవరించుకుంటా ఉండాది, నాకు కనపడతానే ఉండాది. చెప్తే బిడ్డ పాడలేకపోతుంది, కలత పడుతుంది, అందుకే చెప్పలేదు అని ఇప్పుడు అనుకోవచ్చు. మా వాళ్ళందురూ నా తరఫున అట్లనే అంటా ఉండారు. అట్ల అనద్దండయ్యా. ఆ క్షణంలో నేను బిడ్డ గురించి తలచలేదు. బీచి రోడ్డు నిండా జనం. గాలి వీస్తా ఉండాది. అంత పెద్ద దీపాల కింద నా బిడ్డ పేరు. ముందు వరసలో మా పెద్దోళ్ళు, ముక్కు మూసుకున్నోళ్ళే. ఆ సంతోషం నా చేతిలోకి వచ్చేసింది, దాన్ని కింద పెట్టబుద్ధి కాలేదు. పోయిన మనిషి ఒక గంట ఆగుతుంది అనుకున్నాను. అంతే నేను అనుకున్నది.

పాటలు పాడినారు. చివర్లో బస్సు పాట. పాప మైకు ముందుకొచ్చి, "ఈ పాట మా ఎదురింటి పెద్దమ్మకి. ఆమె ఇంట్లో కూర్చోని ఫోనులో వింటా ఉంటుంది. నాయనా, యాడుండావు? ఫోను పైకెత్తు!" అనింది.

అందురూ తిరిగి నన్ను చూసినారు. నా పక్కనోళ్ళు నాకోసం జరిగి చోటిచ్చినారు. నేను జేబులోనించి ఫోను తీసినాను. ఎవురికీ చెయ్యలేదు. ఎవురికి చేసేది? నల్లగా ఉన్న ఫోనుని పైకెత్తినాను. జనం చప్పట్లు కొట్టినారు. ఎవురో వీడియో తీసినారు. పాప నా చేతినే చూస్తా పాట మొదలుపెట్టింది. పచ్చబస్సు పోయింది, ఎర్రబస్సు పోయింది. అంత బాగా అది ఎప్పుడూ పాడలేదు. నా చెయ్యి నొప్పి పుట్టింది, దించలేదు. ఆ వీడియోలో నా మొగం బాగా చూడండి. నవ్వతా ఉంటాను. పక్కన అక్క లేదు, లైనులో అక్క లేదు, ఈ లోకంలోనే లేదు, నేను నవ్వతా ఉంటాను.

పాట అవతానే పాప వేదిక దిగి పరుగెత్తుకోని వచ్చింది. "పెద్దమ్మ ఏమనింది? ఉండాదా లైన్లో? ఇయ్యి నాయనా, నేను మాట్లాడతా" అని నా చేతిలోనించి ఫోను లాక్కునింది. చెవి దగ్గర పెట్టుకోని "పెద్దమ్మా, పెద్దమ్మా" అనింది. తీసి చూసింది. నా మొగం చూసింది.

"పోయిందమ్మా" అన్నాను.

"ఎప్పుడు?"

"నువ్వు వేదిక ఎక్కక ముందే."

పాప ఫోనుని తిరిగి నా చేతిలో పెట్టింది. తర్వాత అడిగింది. "మరి చెయ్యెత్తినావే?"

"ఆమెకి పాడతా ఉండాననుకున్నాను" అనింది పాప. "నీ కోసం పాడించుకున్నావు." అరవలేదు. అరిచుంటే బాగుండేది. గిటారు కూడా తీసుకోకుండా పోయింది. మిగతా ముగ్గురు పిల్లలూ దాని వెనకాలే పోయినారు. ఆ రాత్రంతా ఎదురింట్లోనే ఉన్నింది, మా గడప తొక్కలేదు.

నన్ను మెచ్చుకునేవాళ్ళకి ఇదే నేను చెప్పాల్సింది. మెచ్చుకోవాల్సిన మనిషి మెప్పు అంటేనే జాగ్రత్తగా ఉన్నింది. నెత్తిలి పిల్లల్ని ఇప్పుడు ఊరూరా పిలస్తా ఉండారు. ఎవురు పిలిచినా నాకు సంతోషం వస్తా ఉండాది, ఆపుకోలేకపోతా ఉండాను, వచ్చినప్పుడల్లా వెనకే సిగ్గు కూడా వస్తా ఉండాది. అది పోవాలని నేను కోరుకోను. అక్క ఉన్నింటే, "రెండూ ఉడకనీ తంబీ" అనుంటుందేమో. అనుండకపోవచ్చు కూడా. ఆమె తరఫున మాట్లాడే యోగ్యత నాకు లేదు.

తెల్లారి అక్కని తీసుకోనిపోయినాము. వీధిలో వాళ్ళందురూ వచ్చినారు. ఇస్త్రీ ఆయన వచ్చినాడు. డ్రైవరు బస్సుని ఇంకొకరికి ఇచ్చి వచ్చినాడు. అక్క తమ్ముడు కుండ పట్టుకున్నాడు, నేను భుజం పట్టినాను. మా ఆచారం ప్రకారం ఆడవాళ్ళు వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయినారు. పాప వాళ్ళలో నిలబడి ఉన్నింది. నేను తిరిగి చూసినాను. అది పాడెనే చూస్తా ఉన్నింది.

శ్మశానం నించి వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఎదురింటిని అప్పటికే కడిగేసినారు. పాపా, దాని జతగాళ్ళూ చీపుర్లు పట్టుకోని గడప, అరుగు, వాకిలి అంతా కడిగినారంట. అట్ల పోయి వచ్చినోళ్ళు కాళ్ళు కడుక్కోకుండా ఇల్లు తొక్కకూడదు గదా. నేను మా వాకిలి ముందర వీధిలో నిలబడి, నీళ్ళు తెమ్మని నా భార్యని పిలిచినాను.

ఎదురింట్లోనించి పాప వచ్చింది, బకెట్టు, చెంబు పట్టుకోని. ముందురోజు వేదిక కోసం పూసుకున్న వెండిరంగు చెవి పక్కన ఇంకా అంటుకోని ఉండాది. కళ్ళు ఉబ్బి ఉండాయి. బకెట్టు నా ముందర పెట్టింది.

"కాళ్ళు ముందరికి పెట్టు" అనింది. నాయనా అనలేదు.

పెట్టినాను. వంగి పోసింది. మొగం ఎత్తలేదు. బూడిద, మట్టి, నా వేళ్ళ సందుల్లోనించి నల్లగా కారినాయి. "వెనక్కి తిరుగు" అనింది. తిరిగినాను. మడమల మీద పోసింది. ఏమైనా చెప్పాలని నోరు తెరిచినాను, ఏదో ఒకటి, ఒక మంచి మాట. మూసుకున్నాను. కాళ్ళు శుభ్రమైపోయినాయి. అయినా పాప చెంబు మీద చెంబు ముంచి పోస్తానే ఉన్నింది. రెండిళ్ళ మధ్యన వీధంతా తడిసింది. బకెట్టు అడుగు చెంబుకి తగిలి గరగరమనేదాకా, అది పోస్తానే ఉన్నింది, నేను నిలబడే ఉన్నాను.